గింజ మారితే

హైదరాబాదు, 12-12-2006

ప్రియమైన నానీకి, సలాం.

మనవరాలినని కూడా చూడకుండా మీరు ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపిన నా ఉత్తరం అందింది. తొమ్మిది తప్పులూ మూడేసి సార్లు రాశాను.

ల్యాబులో నేను తయారుచేస్తున్న రబ్బరు పొర సంగతి అడిగారు. అందులోని అణువులకు మధ్యలో గట్టి కడ్డీ, చివర మెత్తని తోక ఉంటాయి. అవి గుండ్రని మెట్లలా మెలి తిరిగి నిలబడతాయి. మెలికల మధ్య దూరాన్ని బట్టి రంగు. లాగితే పొర పలచబడి, మెలికలు దగ్గరై, ఎరుపు ఆకుపచ్చ కావాలి. వదిలితే మళ్లీ ఎరుపు. పాత పొర సాగి అలాగే ఉండిపోయేది. అందుకని అణువుల గొలుసులను ఒకదానితో ఒకటి కలిపే ముడి అణువును పొట్టిగా తయారుచేశాను. ఇప్పుడు నారింజ రంగుకు రాగానే చిరుగుతోంది. జనవరి నెలాఖరుకు చూపించకపోతే పని వేరేవాళ్లకు ఇస్తానన్నారు మా గైడు సారు. రెండేళ్ల కష్టం, నానీ.

మీ ఉమేరా

గద్వాల, 19-12-2006

ప్రియమైన ఉమేరాకు, దీవెనలు.

నీ ఉత్తరం దిద్ది పంపుతున్నాను. ఆరు తప్పులు. ఏడోది భాషలో లేదు. ముడి పొట్టిదైందని రాశావు, ఎంత పోశావో రాయలేదు.

మొన్న ధరూర్ పోయాను. మన చేను చేసే సాయన్న ఈసారి సన్నగింజ వేరుశనగ వేశాడు. మొక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. ఇదేంది అని అడిగాను.

"గింజ మారింది గానీ పంతులమ్మా, పోసింది గా రెండు బస్తలే గద" అన్నాడు.

సన్నగింజ బస్తాలో ఎన్ని ఎక్కువ పడతాయో వాడు ఎంచలేదు. నువ్వు ఎంచావా? తూకం చూశావా, లెక్క చూశావా?

వేళకు తిను.

రహీమున్నీసా

హైదరాబాదు, 22-1-2007

ప్రియమైన నానీకి, సలాం.

కొత్త ముడి అణువు బరువు పాతదానిలో సగమే. నేను ల్యాబు పాత నోటుపుస్తకం చూసి అదే తూకం పోశాను. ముడులు రెట్టింపై పొర బిగుసుకుపోయింది. పక్క బల్ల శేఖర్ అన్నకు చెబితే, "గిది ఇంటర్ పిల్లల లెక్క గదనే" అని రోజంతా నవ్విండు.

సగం పోసి మళ్లీ చేశాను. సారు పదిసార్లు లాగి చూసి, పని నాకే ఉంచారు. ఒక ముక్క ఇందులో పెట్టాను. మీరే లాగి చూడండి.

మీ ఉమేరా

గద్వాల, 29-1-2007

ప్రియమైన ఉమేరాకు, దీవెనలు.

నలభై సార్లు లాగాను. నలభై సార్లూ ఆకుపచ్చై, తిరిగి ఎర్రబడింది. సాయన్న కూడా లాగి చూసి, ఊసరవెల్లి తోలా అని అడిగాడు. వచ్చే పంటకు గింజల లెక్క ఎంచి వేస్తాడట.

నీ ఉత్తరంలో రెండు తప్పులున్నాయి. ఏవో చెప్పను. దీన్ని తిప్పి పంపను, పొర ముక్కతోపాటు నా దగ్గరే ఉంచుకుంటున్నాను. నువ్వొచ్చి నా ముందు కూర్చొని దిద్దు.

నీ నానీ