అమ్మకు రాసిచ్చిన పూచీకత్తు

విన్నిపెగ్,
ఫిబ్రవరి 9.

ఇమిగ్రేషన్ శాఖ, కుటుంబ విభాగపు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా అమ్మ నిమిత్తం నేను రాసిచ్చిన ఇరవై ఏళ్ల పూచీకత్తు రద్దు కోరుతూ మనవి.

1. ఏడేళ్ల క్రితం మా అమ్మ లియోనిలా బాలింగిట్‌ను మనీలా నుంచి రప్పించుకుంటూ, ఆమె తిండికీ బట్టకూ ఇరవై ఏళ్లు నాదే పూచీ అని సంతకం చేసినవాడను. అప్పట్లో నాకు బస్సుల ఫ్యాక్టరీలో ఉద్యోగం ఉండేది. ఆమెకు ఒక సంచీ ఉండేది.

2. వచ్చిన చలికాలమే సదరు అమ్మ నా వంటింట్లో పాన్ డి సాల్ రొట్టెలు కాల్చి, ఆదివారం పూజ అయ్యాక చర్చి బేస్‌మెంట్‌లో అమ్మనారంభించెను. ఇప్పుడామెకు రెండు రొట్టెల దుకాణాలు, పదకొండు మంది పనివాళ్లు. ఫ్యాక్టరీ నన్ను తీసేసింది గనుక పదకొండోవాణ్ణి నేనే. వ్యాను నడుపుతాను. దుకాణంలో ఆమెను మేడమ్ అనాలి.

3. అయినను ప్రతి ఆదివారం ఆమె మా ఇంటికొచ్చి, నేను కొన్న చేపల పులుసు తిని, మిగిలింది డబ్బాలో పట్టుకెళ్తుంది. పిలవకుండానే వస్తారేమిటత్తయ్యా అని మా ఆవిడ మారిటెస్ ఒకసారి నోరు జారితే, చేతిసంచీలోంచి పూచీకత్తు నకలు తీసి గుమ్మంలోనే చదివి వినిపించింది.

4. మొన్న గురువారం మంచు బూట్లు కావాలంది. బట్టలో బూట్లు కూడా వస్తాయట. నాలుగు షాపులు తిప్పి కొనిపెట్టేసరికి రొట్టెల బట్వాడా ఆలస్యమైనది. ఆ బూట్లతోనే దుకాణంలోకి నడిచి, "సొంత పనులు డ్యూటీలో పెట్టుకుంటే కుదరదు విర్జీలియో, రేపట్నుంచి రావద్దు" అన్నారు మేడమ్. సాయంత్రం అమ్మ మా ఇంటికొచ్చింది. "ఉద్యోగం పోయిందటగా నాయనా. మరి నా తిండి ఎట్లా?" అంది.

5. అయ్యా, నాకు నలభై ఏడేళ్లు. పూచీ ఇంకా పదమూడేళ్లుంది. ఇక నా వల్ల కాదు. కావున సదరు పూచీకత్తు రద్దుచేసి, వీలుంటే నన్నే మా అమ్మ మీద ఆధారపడిన వ్యక్తిగా నమోదు చేయగలందులకు ప్రార్థన. నా గోడు తమరైనా చిత్తగించవలెను.

తమ విధేయుడు, మా అమ్మకు కూడా,
విర్జీలియో బాలింగిట్

తా.క.: జెరాక్సు మిషను దుకాణంలోనే ఉంది గనుక ఈ అర్జీ అక్కడికి తీసుకెళ్లాను. అమ్మ మొత్తం చదివింది. కోప్పడుతుందనుకున్నాను. "ఆ కాగితం పోతే, మీ ఆవిడ ఎందుకొచ్చావంటే ఏం చూపించనురా?" అని అడిగి, రొట్టెల ట్రే సర్దుకుంటూ అటు తిరిగిపోయింది. ఉద్యోగం మాత్రం తిరిగివ్వలేదు.

పై అయిదు అంశాలూ కొట్టివేయగలరు. ఆమెకిప్పుడు అరవై అయిదు, మనిషి గట్టిది, ఇరవై ఏళ్లు చాలవు. పూచీని నలభైకి పెంచే ఫారం ఉంటే ఆదివారంలోగా పంపగలరు.