తీసివేతల దగ్గర ఆగాం

జూన్ 12

నాయనా, ఇద్దరం కులాసా. బుజ్జిదానికి ఇంట్లో లెక్కలు ఎలా సాగుతున్నాయని అడిగావు కనుక రాస్తున్నాను. నువ్వు పంపిన పుస్తకం వరస తప్పకుండా చెప్పాను. కూడికలు చకచకా చేసింది. నిన్న తీసివేతలు మొదలెట్టాం. గూట్లో అయిదు పిట్టలుంటే ఒకటి ఎగిరిపోయింది, ఎన్ని మిగిలాయంటే అయిదని రాసింది.

"మొద్దూ, సరిగ్గా చూడు" అని గద్దించాను.

"నీకే తెలీదు నానమ్మా! అది ఊరెళ్ళింది. అమ్మలాగే వచ్చేస్తుంది."

కోడలు పోయిన రోజు దానికి మనం చెప్పిన మాటే అది. నీకు నా దీవెనలు. ఇక జరగవలసినవి:

1. పుస్తకం కట్టిపెట్టాను. గింజలు కొలిపిస్తూ, దాని మనసునుబట్టి నేర్పుతాను. తొందరపెట్టకు.
2. ఆదివారానికల్లా రా.
3. అమ్మ ఇక రాదని నువ్వే ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పు.