హెల్మెట్ మీద తలగడ

సెప్టెంబర్ 11, గురువారం

మావాడి టీము వాళ్లు ఓడిపోయారు. సంతోషం. ఈ మాట ఇంట్లో అనడానికి లేదు, అందుకే ఇక్కడ.

పదహారేళ్ల నా కొడుకు పరిగెత్తుకెళ్లి ఎవరింటి బిడ్డనో హెల్మెట్‌తో గుద్దుతాడు. ఈయనగారు లేచి నిలబడి ఈల వేస్తారు. టెక్సస్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ నేర్చుకున్నది ఈ ఫుట్‌బాల్ పిచ్చి ఒక్కటే. దాన్ని భద్రంగా కెనడాలో ఈ రిచ్‌మండ్ హిల్ దాకా మోసుకొచ్చి జోయెల్‌కు అంటించారు. కాలితో తన్నే బంతాట అయినా కాదిది, పొట్టేళ్ల పందెం. ఇంటికొచ్చి వాడి జెర్సీ ఉతికింది మాత్రం నేను.

సెప్టెంబర్ 18, గురువారం

ఇవాళ ఎదుటి స్కూలు పిల్లల్లో ఇద్దరు హెల్మెట్ పైన ఇంకో మెత్తటి తొడుగు వేసుకుని వచ్చారు. ఉబ్బెత్తుగా, గళ్లు గళ్లుగా, పట్టీలతో బిగించి. లోపల ఫోమ్. గుద్దుకున్నప్పుడు దెబ్బ జోరు కొంత అది మింగుతుందట.

కోచ్‌ను అడిగాను. "ఆప్షనల్, మ్యామ్. కావాలంటే మీరు తెచ్చుకోండి." తలకాయ కూడా ఆప్షనలే కాబోలు ఈ కోచ్‌కు.

కారులో ఆ మాట ఎత్తాను. ఈయనగారు పగలబడి నవ్వారు. "హెల్మెట్‌కు తలగడనా? పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నడట ఎవడో!"

వెనక సీటులోంచి జోయెల్... "మామ్, ప్లీజ్. అందరూ నన్ను మష్రూమ్ అంటారు."

అననీ. పుట్టగొడుగు అనిపించుకుంటే ఎవరూ చావరు. తండ్రీ కొడుకులు ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నారు.

సెప్టెంబర్ 25, గురువారం

వరుసగా రాయాలి.

రెండో సగంలో ఒకడు పక్కనుంచి వచ్చి జోయెల్ తలను గుద్దాడు. పడ్డాడు. లేచాడు. లేచాడు కదా అని చప్పట్లు. నీళ్ల వంకతో నేనున్న కంచె దగ్గరకు వచ్చాడు. టీము వాళ్లకు తెలియకూడదని తెలుగులో చెప్పాడు — నాతో తెలుగు మాట్లాడి ఎన్నాళ్లయిందో — "అమ్మా, కళ్లు తిరుగుతున్నాయి. ఎవరికీ చెప్పకు."

పరిగెత్తాను కోచ్ దగ్గరకు. రోజంతా ఆఫీసులో ఇంగ్లిష్‌లోనే బతుకుతాను. ఆ క్షణాన నోటికొచ్చింది ఇది — "కోచ్, హిజ్ ఐస్ ఆర్ రోలింగ్! హిజ్ ఐస్ ఆర్ రోలింగ్!"

కోచ్ నవ్వాడు. "నన్ను చూసి అందరూ కళ్లు తిప్పుతారు మ్యామ్. టీనేజర్లు కదా."

ఇంగ్లిష్‌లో ఆ మాటకు పొగరు అని అర్థం. పెద్దవాళ్లు చెప్పింది లెక్కచేయక కళ్లు తిప్పడం. ఆ పొగరు దించడానికన్నట్టు వాడిని వెంటనే మళ్లీ లోపలికి పంపాడు. నాకు మాట దొరికేలోగా ఇంకో గుద్దు తిన్నాడు. ఈసారి తనంతట తాను లేవలేదు.

డిజ్జీ. నర్సరీ పిల్లకు కూడా వచ్చే మాట, నాకు రాలేదు. కోచ్ మీద కోపం, నా నోటి మీద అంతకు రెట్టింపు. ఆసుపత్రి దారిలో నా ఒళ్లోనే వాంతి చేసుకున్నాడు.

సెప్టెంబర్ 26, శుక్రవారం

కాంకషన్. దెబ్బకు లోపల మెదడు అదిరిందట. స్కూల్ లేదు, ఫోన్ లేదు, ఆట అసలే లేదు. డాక్టరమ్మ మళ్లీ చూసి సరేననేదాకా.

తొడుగు సంగతి అడిగాను. డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. హెల్మెట్ పుర్రెను కాపాడుతుందట, లోపల మెదడు ఊగకుండా ఆపలేదట. తొడుగు దెబ్బ జోరును కొంత తగ్గించవచ్చట. "దాంతో కాంకషన్ రాదని మాత్రం నేను చెప్పను."

ఆ "కొంత" చాలు నాకు. ఇంటికి రాగానే ఆర్డర్ పెట్టాను.

"ఆటలన్నంక ఇవన్నీ ఉంటయే. ఊకె భయపడకు, మనోడు గట్టోడు," అని ఈయనగారు. గట్టివాడట. గుమ్మడికాయా గట్టిదే. ఆయనతో మాట్లాడకుండా అన్నం పెట్టాను.

సెప్టెంబర్ 30, మంగళవారం

జోయెల్ వెలుతురు చూడలేకపోతున్నాడు. కర్టెన్లు వేసి ఉంచాను. ఈయనగారు హాల్లో మ్యాచ్ పెట్టుకున్నారు, సౌండ్ తగ్గించి. ఆ తగ్గించడం మాకేదో దయ చేసినట్టు.

అక్టోబర్ 5, ఆదివారం

చర్చిలో రోజ్ ఆంటీ. "ప్రార్థన చేస్తున్నానమ్మా. అయినా మనకెందుకు చెప్పు ఆ కుమ్ములాటలు? శుభ్రంగా స్పెల్లింగ్ పోటీల్లో పెట్టకపోయారా?"

ప్రార్థన దేవుడికి, పోటు నాకు. ఆమె తెచ్చిన పులిహోర మాత్రం రెండుసార్లు పెట్టించుకున్నాను.

అక్టోబర్ 16, గురువారం

డాక్టరమ్మ సరేనంది. ఆడుకోవచ్చట. తండ్రీ కొడుకులకు పండగ.

తొడుగు తెచ్చి టేబుల్ మీద పెట్టాను. "ఇది పెట్టుకుంటే ఆట. లేదంటే రేపే స్కూల్‌కు ఫోన్ చేసి టీములోంచి తీయించేస్తాను."

"వాని ఇజ్జత్ తీస్తున్నవ్," అన్నారు ఈయనగారు.

"ఇజ్జత్ పోతే మళ్లీ వస్తుందండీ. మెదడు రాదు."

జోయెల్ నా మొహం మీదే అన్నాడు, "ఐ హేట్ యూ." తలుపు ధడేల్‌మంది. నొప్పిగానే ఉంది. అయినా ద్వేషించనీ. అందుకైనా తల బాగుండాలి కదా. కాసేపటికి బయటికొచ్చి, నా వైపు చూడకుండా ఆ తొడుగు తీసుకెళ్లాడు.

అక్టోబర్ 23, గురువారం

పెట్టుకున్నాడు. టీములో వాడొక్కడే. "మష్రూమ్! మష్రూమ్!" సొంత టీము పిల్లలే అరిచారు. మొదటి సగమంతా తల వంచుకుని బెంచీ మీద. రెండో సగంలో పంపారు. ఒకడిని గుద్దాడు, పడగొట్టాడు, నవ్వుతూ లేచాడు. ఇంకొకడిని. అరిచినవాళ్లే వచ్చి ఆ తొడుగు మీద చరిచారు.

కోచ్ నా దగ్గరికొచ్చాడు. "మంచి పని చేశారు మ్యామ్. భయం పోయింది వాడికి."

గెలిచాను. ఇద్దరు మొండివాళ్ల మీదా, కోచ్ మీదా. ఇంటికొచ్చి నాకు నేనే అల్లం టీ పెట్టుకున్నాను.

అక్టోబర్ 28, మంగళవారం

చపాతీలు చేస్తుంటే వెనక మాటలు. జోయెల్ తండ్రితో, "ఇప్పుడు తల దించేసి నేరుగా వెళ్లిపోవచ్చు డాడ్. నథింగ్ హర్ట్స్."

"తల ఎత్తి పెట్టాలె కదరా? కోచ్ గదే చెప్తడు."

"అది ముందు. ఇప్పుడు తలగడ ఉందిగా."

తలగడ అన్న ఆ ఒక్క మాటే వాడు తెలుగులో అన్నది. ఈయనగారు మురిసిపోయారు. ఇప్పుడు ఆ తొడుగు ఈయన ఐడియా అయింది, బ్రాంప్టన్‌లో ఉన్న స్నేహితులందరికీ ఫోన్ చేసి చెబుతున్నారు. డాక్టర్ చెప్పింది వాడికి మళ్లీ చెప్పాలి. తినేటప్పుడు చెబుదామనుకున్నాను, ఇద్దరూ నవ్వుతున్నారని చెప్పలేదు.

అక్టోబర్ 30, గురువారం

చలి. వాన తుంపర. ఎదుటి స్కూల్‌లో ఒక సన్నటి అబ్బాయి, బంతి పట్టుకుని ఇటు తిరుగుతున్నాడు. వాడి హెల్మెట్ మీద ఏమీ లేదు. జోయెల్ తల దించాడు. దించి, మొత్తం ఒంటి బరువుతో, నేరుగా నడినెత్తితో...

ఆ చప్పుడు. ఈయనగారు "శభాష్" అని సగం అని ఆగిపోయారు.

ఆ అబ్బాయి లేవలేదు. ఒక చెయ్యి మాత్రం గాలిలోకి లేచి అలా బిగుసుకుపోయి ఉంది. వాడి తల్లి మైదానంలోకి పరిగెత్తింది. మోకాళ్ల మీద కూలబడి పేరు పెట్టి పిలుస్తోంది, ఈథన్, ఈథన్ అని. స్ట్రెచర్ ఎత్తాక మా వైపు తిరిగింది. పక్కనే నిలబడ్డ జోయెల్‌ను, వాడి నెత్తి మీది తొడుగును చూసింది.

"వేర్ ఈజ్ హిజ్ మదర్?"

నేను లేవలేదు. ఈయనగారు నా మణికట్టు పట్టుకున్నారు. పట్టుకోకపోయినా లేచేదాన్ని కాదు. సిగ్గు. ఎవరి మీద పగ పెట్టుకోవాలో తెలియని సిగ్గు. రెండోసారి అడిగేలోపే ఆమెను అంబులెన్స్ ఎక్కించారు.

కారులో జోయెల్, మెల్లగా, "మామ్, ఐ డిడింట్ ఫీల్ ఎనీథింగ్."

వాడు చెబుతున్నది తలకు దెబ్బ తగలలేదని. నాకు తెలుసు. అయినా ఆ మాట చెవిలోంచి పోవడం లేదు.

నవంబర్ 2, ఆదివారం

ఈథన్ గురించి ఏ కబురూ లేదు. స్కూల్‌కు ఫోన్ చేస్తే ప్రైవసీ అన్నారు. కోచ్ ఫోన్ ఎత్తడు. తల దించి గుద్దినందుకు పెనాల్టీ వేశారుగా, అయిపోయిందిగా అంటారు ఈయనగారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఇన్నాళ్లూ ఎలుక తల్లిననే అనుకున్నాను.

చర్చిలో ఈథన్ పేరు చెప్పి ప్రార్థన చేయమన్నాను. "ఎవరమ్మా, మీ వాళ్లా?" అంది రోజ్ ఆంటీ. తెలిసినవాళ్ల అబ్బాయన్నాను.

నవంబర్ 3, సోమవారం

నాలుగింటికి ప్రాక్టీసు. ఈయనగారికి మీటింగ్, దింపాల్సింది నేను.

ఇవాళ వద్దన్నాను. జోయెల్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "నువ్వే కదా మామ్, ఇది పెట్టుకుంటే ఆడొచ్చన్నావు?"

అవును. అన్నాను.

తొడుగు తీసేయమంటే వీడి తల. ఉంచమంటే ఇంకెవరి తలో. పూర్తిగా మానేయమంటే తండ్రీ కొడుకులిద్దరూ ఒకవైపు, నేనొక్కదాన్నీ ఒకవైపు. ఒక్కదాన్నే కావడానికి భయం లేదు. కానీ ఈథన్ ఎలా ఉన్నాడో తెలియకుండా ఏం చెప్పినా అబద్ధం చెప్పినట్టే ఉంటుంది.

బూట్లు వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. హెల్మెట్ చంకలో ఉంది. "మామ్? యెస్ ఆర్ నో?"