జిలేబీ గీత

రాజవ్వా,

గీ కొత్త అంగీకి గుండీలు గింత చిన్నగ ఎవడు పెట్టిండే? వేళ్లకు దొరుకుతనే లేవు.

నువ్వు పోయి ఏడాదాయె. ఇప్పుడు నా కుడిచెయ్యి గూడ నీ చెయ్యి లెక్కనే వణుకుతున్నది. బట్ట నేసే సాంచె మీద తెగిన పోగు ముడెయ్యస్తలేదు. నీ చెయ్యి వణికితే "తాళమేస్తున్నవా?" అని ఎక్కిరిచ్చిన.

కాలేజీల చదివే మన మనుమరాలు చెప్పింది: "తాతా, మెదడుల ఒక ప్రోటీన్ ఉంటది. దానికొక రూపమంటూ ఉండదు, వదులు నూలు లెక్క. గట్లనే మంచిగ పనిచేస్తది. ఉండకడితేనే గీ వణుకుడు."

"చిక్కు తీసే మందు?"

"ఇంక వెతుకుతున్నరు తాతా."

భయమైతున్నదే.

నిన్న కోరుట్ల డాక్టరు వణుకు ఎంతున్నదో చూసెటందుకు కాయిదం మీద జిలేబీ లెక్క గీత గియ్యమన్నడు. ఎట్ల గియ్యాల్నో మనుమరాలు ఇంకో కాయిదం మీద గీసి చూపిచ్చింది. ఆయన ఫోన్ల పడంగనే నాది కాకుంట పిల్ల గీసిందే ఇచ్చిన. "మంచిగున్నది" అన్నడు.

నీకొక్కదానికే చెప్తున్న, నా వంకర గీత ఇంకా జేబులనే ఉన్నది.