వట్టి చేతుల వేట

తాతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ వేట కథలు వింటూ పెరిగిన నాన్న, ఒక్కసారైనా వేటకు వెళ్లాలంటున్నాడు. గైడును వెతికే పని నాకు అప్పగించాడు. గ్లాస్గో ఫ్లాట్‌లో కూర్చుని ఇద్దరికి ఫోన్ చేశాను. ఆఫ్రికాలో వేటకు తీసుకెళ్లే అతను, "జంతువు దొరకడం గ్యారంటీ" అన్నాడు. ఇక్కడి హైలాండ్స్ కొండల్లో దుప్పుల వేటకు తీసుకెళ్లే పెద్దాయన మాత్రం, "రోజంతా కొండలెక్కినా వట్టి చేతులతో రావచ్చు, మీ నాన్నకు పర్లేదా?" అని అడిగాడు.

"వట్టి చేతులతో రావడానికి అంత దూరమెందుకురా?" అన్నాడు నాన్న, ఊరి నుంచి ఫోన్‌లో.

నువ్వూ చాలాసార్లు అలాగే వచ్చేవాడివట. గురి తప్పేదా, అసలు కాల్చేవాడివే కాదా? నాన్ననే అడిగాను.

"ఎప్పుడూ అడగలేదురా" అన్నాడు.

ఎవరికి సరేననాలో నాకింకా తేలలేదు. నాన్న మాత్రం పొద్దున్నుంచీ ఆన్‌లైన్‌లో కొండలెక్కే బూట్లు చూస్తున్నాడట.