షిఫ్ట్ నాది

మంగళవారం రాత్రి

ఒళ్ళు మండిపోతోంది. బీర్‌గావ్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో నన్ను సెకండ్ షిఫ్ట్ ఇన్‌ఛార్జిని చేశారని నిన్న అందరికంటే ముందు అన్నయ్యకే చెప్పాను. ఇవాళ నాకు చెప్పకుండా అక్కడికి వెళ్ళి, మా చెల్లి రాత్రి పది దాకా పని చెయ్యదని మేనేజర్‌తో అనేసి వచ్చాడు. "ఆప్కే భైయా మనా కర్ గయే" అంటూ, మీ అన్నయ్య వద్దని చెప్పి వెళ్ళారని ఆయన చెబుతుంటే తల కొట్టేసినట్టయింది. నేను చేస్తానని అక్కడే గట్టిగా చెప్పాను.

ఇంటికొచ్చి నిలదీస్తే, "నీ మంచికే కదే" అన్నాడు.

"నన్నడగాలి కదా అన్నయ్యా! నేనేమైనా చిన్నపిల్లనా?" అని అరిచాను.

అన్నయ్య మీద గొంతెత్తడం ఇదే మొదలు. దానికి తను, "పోనీ, తీసుకురావడానికి గేటు దగ్గరికి రానా?" అని అడిగాడు.

ఎప్పుడూ ఆర్డర్లు వేసే మనిషి! అడిగాడు కాబట్టే వద్దని చెప్పగలిగాను. అన్నం తినకుండా పడుకున్నాడు. నా కోపం మాత్రం ఇంకా తగ్గట్లేదు...