సముద్రం అడుగున మా టిఫిన్ డబ్బా మూత

గనుల అనుమతుల అధికారిగారి సముఖమునకు

అయ్యా,

విషయం: సముద్రపు అడుగు "పూర్తిగా కోలుకున్నది" అను నివేదికపై నన్ను సాక్షి సంతకము పెట్టమనుట, నేను పెట్టకపోవుట గురించి.

ముప్పై ఏళ్ల క్రితం తమ శాఖ ఓడ మీద నుంచి, నాలుగు కిలోమీటర్ల లోతున లోహపు రాళ్లు ఏరే యంత్రాన్ని ప్రయోగంగా నడిపిన డ్రైవరును నేనే. ఇప్పుడు అక్కడే అసలు తవ్వకానికి అనుమతి ఇవ్వబోతూ తమరు పంపిన నివేదిక అందినది. చదివి మనవి చేసుకొనునది ఏమనగా:

1. మూడో పేజీలో "యంత్రపు జాడలు చెరిగిపోయినవి" అని వ్రాసినారు. ఏడో పేజీలో ఈ ఏడు తీసిన ఫొటో అతికించినారు. అందులో జాడలు నిన్న సాయంత్రం దున్నినట్టున్నవి. వ్రాసినవారూ అతికించినవారూ ఒకే గదిలో కూర్చుంటే బాగుండును.

2. సదరు ఫొటోలోని గుండ్రటి వస్తువును "కొత్త జీవి" అని లెక్కవేసి, జీవజాతులు పెరిగినవనుటకు సాక్ష్యముగా చూపినారు. అది నా టిఫిన్ డబ్బా మూత. ఆ రోజు యంత్రాన్ని నీళ్లలోకి దించకముందు, ఓడ మీదే దానిపై కూర్చుని తిని, మూత దాని మీదే మరిచిపోయాను. యంత్రంతోపాటు దిగిపోయింది. మా ఆవిడ గుర్తుకోసం మేకుతో గీసిన మూడు గీతలు స్పష్టముగా కలవు.

3. నేను ఏరిన ఆ నల్లటి లోహపు రాళ్లు బంగాళాదుంపంత కావడానికి లక్షల ఏళ్లు పడుతుంది. తెల్లటి స్పంజికలు, అంటే కదలకుండా ఒకేచోట పెరిగే జీవులు, వాటినే పట్టుకుని బతికేవి. మెత్తటి బురదలో వాటికి పట్టు దొరకదు. నేను ఒక్క పూటలో రాళ్లన్నీ ఊడ్చేశాను. లేచిన బురద చుట్టుపక్కల వాటిని కూడా కప్పేసింది. కెమెరాలో చూసి "భలే శుభ్రంగా ఉంది" అన్నాను, అయ్యా. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

4. తమ గుమాస్తా ఇంటికొచ్చి, "అక్కడ చూసేవాళ్లెవరున్నారండీ? ఒక్క సంతకం గీకేయండి" అన్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "మూత ఏదంటే తోటివాడెవడో కొట్టేశాడని ముప్పై ఏళ్లుగా చెబుతున్నారు ఈయన. ఈయన సంతకం మీకెందుకు బాబూ?" అంది. గుమాస్తా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

కావున "కోలుకున్నది" అను మాట కొట్టివేసి, అనుమతి నిలుపుదల చేయవలెను. ఇదంతా చిత్తగించి, నా సంతకంపై ఆశ వదులుకోవలెను.

తమ విధేయుడు (ఈ ఒక్క విషయంలో తప్ప),
పాత యంత్రం డ్రైవరు

తా.క.: మూత తెప్పించి ఇమ్మని కూడా అడుగుదామనుకున్నాను. మా ఆవిడ భూతద్దం పెట్టి ఫొటో చూసి వద్దంది. మూత అంచున చిటికెన వేలి గోరంత తెల్ల స్పంజిక లేచింది. ఆ జాడ పొడవునా ఇంకేమీ లేదు. "పాపం, దానికి దొరికిన గట్టిచోటు అదొక్కటే. ఉండనివ్వండి" అంది. తమ కొత్త యంత్రం సరిగ్గా ఆ దారినే వస్తుందని పన్నెండో పేజీలో ఉంది. రానివ్వకండి, అయ్యా.